నాన్నని చూసుకోవడానికి మనిషి కావాలి: ఏజెన్సీయా, మనమే వెతుక్కోవాలా?

చిన్నకూతురు | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాన్నకి 76. రెండున్నర నెలల కిందట స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట కూడా సరిగా రావట్లేదు. మనం అన్నది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంతా అమ్మే చూస్తోంది. అమ్మకి 70, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మొన్న నాన్నని బాత్రూమ్‌కి తీసుకెళ్తూ ఇద్దరూ గోడకి జారబడి కింద కూర్చుండిపోయారట. దెబ్బలేం తగల్లేదు. ఆ సంగతి అమ్మ నాకు నాలుగు రోజులయ్యాక చెప్పింది.

నాది వేరే ఊళ్ళో ఉద్యోగం, అన్నయ్య ఇంకా దూరం. ఒక ఏజెన్సీకి ఫోన్ చేస్తే "డిపాజిట్ కట్టండి, రేపే పంపిస్తాం" అన్నారు. అంత తేలిగ్గా రేపే అనేసరికి భయమేసింది. తెలిసినవాళ్ళేమో "ఏజెన్సీ వద్దు, నమ్మకమైన మనిషిని మీరే చూసుకోండి" అంటున్నారు. ఆ నమ్మకమైన మనిషి ఎక్కడ దొరుకుతారో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

ఇంకో చిక్కు. నాన్నకి ఏ మాట వచ్చినా రాకపోయినా "వద్దు" మాత్రం స్పష్టంగా వస్తోంది. మనిషిని పెడదాం అన్నప్పుడల్లా అదే మాట.

సగటుజీవి | సోమవారం, రాత్రి 10:15

మా అత్తగారికి ఏజెన్సీ ద్వారా పెట్టాం. నాలుగు నెలల్లో ఏడుగురు మారారు. "రీప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నది నిజమే, గ్యారంటీగా రీప్లేస్ చేస్తూనే ఉన్నారు. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ అన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చేది: మాత్రలు ఎక్కడ, గీజర్ స్విచ్ ఎక్కడ, అత్తయ్య ఏ పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి ఉండదు... ఏడోసారికి మా అత్తగారే అందుకుని చెప్పడం మొదలెట్టారు.

వార్డునర్సు31 | సోమవారం, రాత్రి 11:03

తల్లీ, ఏజెన్సీయా సొంతంగానా అన్నది తర్వాత. ముందు, ఆ వచ్చే మనిషి ఏం చెయ్యాలి? "నాన్నని చూసుకోవాలి" అంటే వినేవాళ్ళకి ఏమీ తెలియదు. ఒకరు పక్కన కూర్చోవడం అనుకుంటారు, ఇంకొకరు ఇల్లంతా ఊడవడం అనుకుంటారు.

నేను 31 ఏళ్ళు వార్డులో పనిచేసి రిటైరయ్యాను. 1963లో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్ళు ఇచ్చిన ఒక కొలత ఉంది, ఇప్పటికీ వాడతారు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్ళడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఈ ఆరింటిలో నాన్నగారు ఏది సొంతంగా చేస్తున్నారు, దేనికి మనిషి సాయం కావాలి? ఒక వారంపాటు అమ్మగారిని నోట్‌బుక్‌లో రాయమను. టైము వేసి రాయాలి. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో తప్పకుండా రాయాలి, ఎందుకంటే మనిషిని పెట్టుకునేవాళ్ళు అందరూ మొదట దాచేది అదే.

ఆ పుస్తకం చూస్తే నీకే తెలుస్తుంది. బహుశా 24 గంటల మనిషి అక్కర్లేదేమో. పొద్దున మూడు గంటలు, రాత్రి పడుకోబెట్టడానికి ఒక గంట చాలేమో. లేదూ, పగలంతా బాగానే ఉండి రాత్రికే మనిషి కావాలేమో.

ఇంకొకటి. ముక్కులో ట్యూబు, కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చడం, ఇంజెక్షన్లు, పుండుకి డ్రెస్సింగ్ లాంటివి ఉంటే శిక్షణ ఉన్న నర్సే కావాలి. అవేవీ లేకపోతే మంచి అటెండెంట్ చాలు. నర్సు జీతమిచ్చి అటెండెంట్ పని చేయించుకునేవాళ్ళని చూశాను, అటెండెంట్ చేత నర్సు పని చేయించేవాళ్ళనీ చూశాను. మొదటిది డబ్బు దండగ, రెండోది ప్రాణం మీదికి తెస్తుంది.

చిన్నకూతురు | మంగళవారం, ఉదయం 6:50

ధన్యవాదాలు మేడమ్. ట్యూబు, కాథెటర్ ఏవీ లేవు. రాత్రి సంగతి అమ్మని అడిగితే "ఒకటి రెండుసార్లు" అంది. నోట్‌బుక్ మొదలుపెట్టించాను.

రెండోఇన్నింగ్స్ | మంగళవారం, ఉదయం 8:20

ఇక్కడ అందరూ మనిషిని పెట్టేవాళ్ళే మాట్లాడుతున్నారు. నేను అవతలి పక్కవాణ్ణి. నాకు 72. వెన్నుపూస ఆపరేషన్ తర్వాత నడుము కింద పట్టు లేదు. మూడేళ్ళుగా ఒక అబ్బాయి నాకు స్నానం చేయిస్తున్నాడు.

అమ్మా, మీ నాన్న "వద్దు" అంటున్నది మనిషిని కాదేమో. నేనూ ఆరు నెలలు వద్దన్నాను. నా భార్య ముందు నేను పడిపోతే అది మా ఇంటి సంగతి. బయటివాడు చూస్తే ఇక నేను పడిపోయినవాణ్ణి అని ఖాయమైనట్టే. నా బాధ అదీ. అది వాళ్ళకి చెప్పుకోలేక "వాడి చేతులు చల్లగా ఉన్నాయి", "వాడికి టైము లేదు" అని వంకలు పెట్టాను. పాపం ఆ అబ్బాయి చేతులు వేడినీళ్ళలో ముంచుకుని వచ్చేవాడు.

నా మనసు మారింది ఎప్పుడంటే, మా వాళ్ళు ఎంపిక నాకు వదిలినప్పుడు. ఇద్దరిని తీసుకొచ్చి, హాల్లో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోకుండా నా మంచం పక్కన కుర్చీ వేశారు. మీ నాన్నకి మాట రాకపోవచ్చు, తల ఊపడం వస్తుంది కదా. ఆడమనిషా మగమనిషా, పొద్దున స్నానమా సాయంత్రమా, తలుపు వెయ్యాలా తియ్యాలా. ఇవి ఆయన్నే అడగండి. "నీకోసం" అనకండి, "అమ్మ మోకాళ్ళ కోసం" అనండి. అది అబద్ధమూ కాదు.

చిన్నకూతురు | మంగళవారం, ఉదయం 8:31

ఇది ఆఫీసుకి వెళ్తూ దారిలో చదివాను. ఇంకేమీ రాయలేకపోతున్నాను. థాంక్యూ బాబాయ్ గారూ.

కాగితంపులి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నాకు తెలిసింది కాగితాల పని, అంతవరకు చెప్తాను.

ఏజెన్సీ అయితే సంతకం పెట్టేముందు ఇవి అడగండి. ఆ మనిషి ఎవరి ఉద్యోగి, వాళ్ళదా మీదా? మీ ఇంట్లో జారిపడి నడుము విరిగితే ఖర్చు ఎవరిది? రాకపోతే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారు? మీరిచ్చేదాంట్లో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుంది? చివరి ప్రశ్నకి నీళ్ళు నమిలితే అక్కడే అర్థం చేసుకోండి. చేతికి తక్కువ వచ్చే చోట మనుషులు నిలవరు, సగటుజీవి గారి ఏడుగురి కథ అదే అయ్యుంటుంది. ఏజెన్సీ మనిషిని తర్వాత మీరు నేరుగా పెట్టుకుంటే జరిమానా అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది కూడా చూసుకోండి.

నేరుగా పెట్టుకుంటే యజమాని మీరే. కమీషన్ మిగులుతుంది, తలనొప్పి కూడా మీకే మిగులుతుంది. జీతం, సెలవు, పని గంటలు, చెయ్యాల్సిన పనులు, చెయ్యక్కర్లేని పనులు, మానాలన్నా మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి: ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి. ఇంట్లో పనిచేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒడంబడిక ఉంది. వారానికి కనీసం 24 గంటలు ఏకబిగిన సెలవు ఇవ్వాలంటుంది. దాన్ని ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది, మీరున్న చోట చట్టం ఏమిటో విడిగా కనుక్కోండి. చట్టం ఎలా ఉన్నా వారానికో రోజు సెలవు ఇవ్వని ఇంట్లో మంచి మనిషి నిలవడు.

పాత ఇళ్ళవాళ్ళతో మాట్లాడకుండా పెట్టుకోవద్దు. "ఎలా చేశారు?" అని అడిగితే అందరూ బాగానే చేశారంటారు. "మళ్ళీ అవసరమైతే వాళ్ళనే పిలుస్తారా?" అని అడిగి, జవాబు వచ్చేముందు ఎంతసేపు ఆగుతారో చూడండి.

నిద్రలేదు | మంగళవారం, రాత్రి 11:48

గుర్తింపు కార్డు ఒరిజినల్ తీసుకుని బీరువాలో పెట్టుకోండి. కెమెరా పెట్టండి. నేను మెత్తగా ఉండి మోసపోయాను. మా అమ్మకి మతిమరుపు జబ్బు. సాయంత్రమయ్యేసరికి ఆందోళన మొదలవుతుంది, "మా ఇంటికి వెళ్తాను" అని తలుపు దగ్గర నిలబడుతుంది. ఒకావిడ వచ్చాక పది రోజులు అమ్మ హాయిగా పడుకుంది. మేం మురిసిపోయాం. తీరా చూస్తే నిద్రమాత్రల స్ట్రిప్పులో ఆరు తక్కువ.

అప్పటినుంచి మాత్రలు లెక్కపెట్టే అలవాటు నాకు పోలేదు. పడుకోవాల్సిన మనిషి మరీ ఎక్కువ పడుకుంటున్నా, చేతి మీద కమిలిన మచ్చలున్నా, మనిషి గదిలోకి రాగానే మాట ఆపేసినా, వెంటనే ఏదో ఉందనుకోండి.

నైట్‌డ్యూటీ | బుధవారం, తెల్లవారుజామున 3:26

మీరంతా వెతుకుతున్న మనిషిని నేనే. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నాను, పెద్దావిడ ఇప్పుడే పడుకున్నారు.

నిద్రలేదు అక్కా, మీకు జరిగింది ఘోరం. అలాంటివాళ్ళ వల్ల మా అందరికీ చెడ్డపేరు. కానీ కార్డు సంగతి నేను ఒప్పుకోను. ఒక ఇంట్లో నా కార్డు అలాగే తీసుకుని బీరువాలో పెట్టారు. మా నాన్న పోయారని ఫోన్ వస్తే, బీరువా తాళం ఆఫీసుకి వెళ్ళిన సారు దగ్గర ఉందన్నారు. సాయంత్రందాకా గుమ్మంలో కూర్చున్నాను. ఫోటో తీసుకోండి, జిరాక్స్ తీసుకోండి, వివరాలు పోలీసులకి ఇచ్చి వెరిఫై చేయించుకోండి. ఒరిజినల్ మాత్రం మాది.

కెమెరా హాల్లో పెట్టండి, పెట్టామని చెప్పండి. మంచం దగ్గర డైపర్ మారుస్తుంటే ఫోన్లో ఇద్దరు ముగ్గురు చూస్తుంటారు కదా, సిగ్గు నాకు కాదు, పెద్దావిడకి.

ఇంకో మాట. 24 గంటల డ్యూటీ అంటారు. రాత్రి ఐదుసార్లు లేపి, పొద్దున ఆరింటికి "పడుకున్నావుగా" అంటారు. మొదటి వారం పెద్దాయన పని. రెండో వారం పెద్దాయన గిన్నెలు. మూడో వారం ఇంటిల్లిపాది గిన్నెలు. నాలుగో వారం చుట్టాలొస్తారు. పనులు ముందే రాసుకుందాం అంటే నేను మీకంటే ముందు సంతకం పెడతాను.

కాగితంపులి | బుధవారం, ఉదయం 7:02

నైట్‌డ్యూటీ గారు చెప్పిందే సరి. గుర్తింపు పత్రాలు పనివాళ్ళ దగ్గరే ఉండే హక్కు గురించి నేను చెప్పిన ఒడంబడికలో కూడా ఉంది. రాత్రి పిలిస్తే లేవాలి అని ఉంచిన గంటల్ని కూడా దేశ చట్టం ప్రకారం ఎంతవరకైతే అంతవరకు పని గంటలుగానే చూడాలంటుంది.

సగటుజీవి | బుధవారం, ఉదయం 7:40

నాలుగో వారం చుట్టాలు... మేం ఆరో మనిషికి సరిగ్గా అదే చేశాం. ఇన్నాళ్ళూ తప్పంతా ఏజెన్సీదే అనుకుంటున్నాను.

మనిషికావాలా | బుధవారం, ఉదయం 10:12

(ఈ పోస్టు తొలగించబడింది)

మోడరేటర్ | బుధవారం, ఉదయం 10:20

ఫోన్ నంబర్లు, ప్రకటనలు ఇక్కడ పెట్టవద్దు.

నిద్రలేదు | బుధవారం, మధ్యాహ్నం 2:05

నైట్‌డ్యూటీ గారూ, మీ నాన్నగారి సంగతి చదివాక కార్డు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కెమెరా విషయంలో తీసుకోను. హాల్లోనే పెడతాను, చెప్పే పెడతాను.

చిన్నకూతురు | తర్వాతి మంగళవారం, రాత్రి 10:30

నోట్‌బుక్ వారం పూర్తయింది. అమ్మ "ఒకటి రెండుసార్లు" అన్నది నాలుగు, మూడు, ఐదు, నాలుగు, నాలుగు, మూడు, ఆరు. ఆరుసార్లు లేచిన రాత్రి పక్కన "నిద్ర లేదు, పర్వాలేదు" అని రాసింది. ఆ "పర్వాలేదు" చూసి నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

తినడం నాన్న ఎడమచేత్తో సొంతంగానే చేస్తున్నారు. మలమూత్రాలు తెలుస్తున్నాయి. మిగతా నాలుగింటికీ మనిషి కావాలి. నాన్నని అడిగాం. మగమనిషి అంటే తల ఊపారు. "అమ్మ మోకాళ్ళ కోసం" అన్నప్పుడు మాత్రం చాలాసేపు గోడకేసి చూశారు. వద్దు అనలేదు.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిదిదాకా ఒక మనిషి కోసం చూస్తున్నాం. ఈ ఆదివారం ముగ్గురు వస్తున్నారు. ఇద్దరు ఫిజియోథెరపిస్టు చెప్పినవాళ్ళు, ఒకరు ఏజెన్సీ. ఏం అడగాలి?

వార్డునర్సు31 | తర్వాతి బుధవారం, ఉదయం 6:15

అడగడం తక్కువ చెయ్యి, చేయించి చూడు. ఆ కాసేపటికీ డబ్బులివ్వు, ఉచితంగా చేయించకు.

ఒక చొక్కా చేతికిచ్చి నాన్నకి తొడగమను. పని తెలిసినవాళ్ళు పట్టులేని చెయ్యి ముందు తొడుగుతారు, మంచి చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. మంచి చెయ్యి ముందు తొడిగేస్తే, ఆ తర్వాత పట్టులేని చేతిని వెనక్కి విరవాల్సి వస్తుంది.

మంచం మీంచి కుర్చీలోకి మార్చమను. కుర్చీ నాన్నకి మంచి పక్కన, అంటే ఎడమవైపు పెట్టాలి. వీల్‌చెయిర్ అయితే బ్రేకు వెయ్యాలి. పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెట్టకూడదు, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టాలి, లేకపోతే బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. కుడి చెయ్యి పట్టుకుని గానీ, చంకల కింద చేతులేసి గానీ ఎత్తబోతే అక్కడికక్కడే ఆపెయ్యి. స్ట్రోక్ తర్వాత ఆ భుజం కీలు వదులుగా ఉండొచ్చు, లాగితే జారిపోవచ్చు.

తాగేటప్పుడు నిటారుగా కూర్చోబెడుతున్నారా, తాగాక దగ్గు గానీ గొంతులో గురగుర గానీ వస్తే పట్టించుకుంటున్నారా చూడు. ఎవరిని పెట్టుకున్నా మొదటి వారమే చెప్పాల్సింది ఒకటుంది. నడుము కింద, మడమల దగ్గర ఎర్రగా ఉంటే వేలితో నొక్కి చూడాలి. నొక్కినప్పుడు ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టు. అదే రోజు ఫోన్ చెయ్యాలి.

రెండోఇన్నింగ్స్ | తర్వాతి బుధవారం, ఉదయం 7:30

మా నర్సమ్మగారు చెప్పినవన్నీ చూడండి. నాదొకటి కలపండి. చొక్కా తొడిగేముందు నాన్నతో మాట్లాడతాడా, మీతోనా?

చిన్నకూతురు | ఆదివారం, రాత్రి 9:05

అయింది. వివరంగా రాస్తాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

మొదటాయన ఏజెన్సీ నుంచి. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో ఉంది. చొక్కా అచ్చం మేడమ్ చెప్పినట్టే తొడిగాడు, కుర్చీ సరైన పక్కనే పెట్టాడు. పని మొత్తం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అంతసేపూ నాతోనే మాట్లాడాడు. "పేషెంటుకి షుగర్ ఉందా? పేషెంటు రాత్రి గోల చేస్తాడా?" నాన్న అక్కడే ఉన్నారు.

రెండో ఆయన రాలేదు. ఫోన్ స్విచాఫ్.

మూడో అబ్బాయికి ముప్ఫై ఉంటాయి. చొక్కా తీసుకుని నేరుగా నాన్న ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, "అయ్యా, మీకు ఇది తొడగనా?" అన్నాడు. నాన్న ఏదో అనబోయారు, మాట రాలేదు. సాధారణంగా అక్కడ మేమందరం మాట అందించేస్తాం. ఆ అబ్బాయి అందించలేదు, కదలకుండా కూర్చున్నాడు. నేను గడియారం చూడలేదు కానీ చాలాసేపే పట్టింది. చివరికి నాన్న "ఊఁ" అన్నారు. అప్పుడు చొక్కా తొడగబోయి... మంచి చెయ్యి ముందు తొడిగాడు. తప్పు.

పాత ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ వాళ్ళ నాన్నకి నడుము దెబ్బ, చేతులు బాగానే ఉండేవట. "మళ్ళీ పిలుస్తారా?" అంటే ఆవిడ అస్సలు ఆగలేదు, "మీ దగ్గర మానేస్తే చెప్పండి" అంది.

అన్నయ్య మొదటి మనిషినే పెడదామంటున్నాడు. నాకు మూడో అబ్బాయి అనిపిస్తోంది. నాది ఎమోషనల్ నిర్ణయమా?

వార్డునర్సు31 | ఆదివారం, రాత్రి 9:40

చొక్కా తొడగడం నేర్పడానికి అరగంట చాలు. ఆ అబ్బాయి ఆగాడు చూడు, అది నేను వార్డులో నా జూనియర్లకి నేర్పలేకపోయాను. అతన్నే పెట్టుకో. ఫిజియోథెరపిస్టుతో రెండు రోజులు అన్నీ నేర్పించు, నేర్చుకునే రోజులకీ జీతమివ్వు. నెల రోజులు ట్రయల్ అని కాగితం మీద రాసుకో.

కాగితంపులి | ఆదివారం, రాత్రి 10:00

ట్రయల్ రెండువైపులా అని రాయండి. అతనికీ మీ ఇల్లు నచ్చాలి కదా. చిల్లర ఖర్చులకి ఒక చిన్న పుస్తకం పెట్టండి, బిల్లులు అందులో అంటించమనండి. ఏటీఎం కార్డు, పిన్ ఎవరికీ ఇవ్వొద్దు. అనుమానించి కాదు, రేపు ఏదైనా తేడా వస్తే ముందు మాట అతని మీదికే వస్తుంది కాబట్టి.

నైట్‌డ్యూటీ | సోమవారం, తెల్లవారుజామున 2:50

అతనికి పడుకోవడానికి ఒక మంచం, తన బట్టలు పెట్టుకోవడానికి తాళం ఉన్న ఒక అర ఇవ్వండి చెల్లీ. ఇంతే.

చిన్నకూతురు | ఆరు వారాల తర్వాత, సోమవారం రాత్రి 9:15

ఎవరైనా ఇంకా చూస్తున్నారేమో అని రాస్తున్నాను. మూడో అబ్బాయినే పెట్టుకున్నాం. అంతా సాఫీగా ఏం లేదు. రెండో వారంలో ఫోన్ చూస్తూ నిద్రపోయాడు, నాన్న మూడుసార్లు గంట కొడితే గానీ లేవలేదు. అన్నయ్య వెంటనే మాన్పించమన్నాడు. అడిగితే తెలిసింది, పగలు ఇంకో చోట కూడా పని చేస్తున్నాడు, మేమిచ్చేది చాలక. మాట్లాడుకున్నాం. జీతం కొంత పెంచాం, పగటి పని మానేశాడు. అమ్మ ఇప్పుడు రాత్రి ఆరు గంటలు పడుకుంటోంది. నోట్‌బుక్ ఇప్పుడతను రాస్తున్నాడు.

సగటుజీవి | ఆరు వారాల తర్వాత, సోమవారం రాత్రి 9:50

చాలా సంతోషం అండీ. అతని సెలవు రోజు ఎవరు చూస్తున్నారు? మాకు ప్రతిసారీ అక్కడే తెగేది.

చిన్నకూతురు | ఆరు వారాల తర్వాత, సోమవారం రాత్రి 10:20

ఆదివారాలు నేనే వెళ్తున్నాను. రెండో మనిషి ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం. నిన్న బస్సు ఆలస్యమై నేను వెళ్ళేసరికి అమ్మ నాన్నకి చొక్కా తొడుగుతోంది, అలవాటు ప్రకారం మంచి చెయ్యి వైపు నుంచి. నాన్న ఆ చెయ్యి వెనక్కి లాగేసుకుని, దాంతోనే కుడి చెయ్యి ఎత్తి అమ్మ ముందు పెట్టారు. "ముందు... ఇది" అన్నారు.